ముద్దుటుంగరంలో కొడవలి: విజయనగరంలో లాంఛన నగలు చేసే ఒక దుకాణం గురించి

ఈ మాఘంలో మా అన్నయ్య కొడుక్కి పెళ్ళి కుదిరినప్పుడు, ఇంటి తరఫున అతనికి పెట్టే ఉంగరం రాళ్ళదో, పేరులోని మొదటి అక్షరందో కాకుండా మా ఇంటి గుర్తు చెక్కినదై ఉండాలని వదిన పట్టుబట్టింది. వంశ లాంఛనాలను, అంటే ఇంటి గుర్తులను, ఇంటింటి కథలను నగలుగా మలిచి ఇస్తామని చెప్పే దుకాణం ఒకటి విజయనగరంలో ఉందని తెలిసి ఆ పని నాకు అప్పగించారు. రెండు నెలల్లో ఐదుసార్లు అక్కడికి వెళ్ళి ఒక బంగారు ముద్దుటుంగరం, ఒక వెండి పతకం తీసుకున్నాను; మధ్యలో ఒకసారి తగువు పడి, తయారైన ఉంగరాన్ని వెనక్కి ఇచ్చాను. ఆ తగువు చివరకు మర్యాదగానే తీరింది గనుక దుకాణం పేరు ఇక్కడ పెట్టడం లేదు. ముద్దుటుంగరం అన్న మాట ఇప్పుడు పెద్దగా వినిపించదు గానీ, ముద్ర వేయడానికి పనికివచ్చే ఉంగరానికి మన భాషలో ఉన్న పేరు అదే. హనుమంతుడు సీతమ్మకు చూపించినదీ, దుష్యంతుడు శకుంతల వేలికి తొడిగినదీ అలాంటి పేరు చెక్కిన ఉంగరాలే.

దుకాణం ముందు భాగంలో గాజు అరలు, ఏసీ, నీళ్ళ సీసాలు అన్నీ మామూలే. ఒక కుర్రవాడు ట్యాబ్ పట్టుకుని వచ్చి, "మీ ఇంటిపేరు చెప్పండి సార్, మీ వంశ చిహ్నం చూపిస్తాను" అన్నాడు. చెప్పాను. అర నిమిషంలో తెర మీద ఎర్రటి డాలు, దానికి అటూ ఇటూ వెనుక కాళ్ళ మీద లేచిన రెండు సింహాలు, పైన కిరీటం, కింద మడతలు పడిన పట్టీ మీద మా ఇంటిపేరు ప్రత్యక్షమయ్యాయి. మా ఆవిడ పుట్టింటివారి ఇంటిపేరు చెప్పి చూశాను. సింహాలు అవే వచ్చాయి. డాలు మాత్రం నీలంగా మారింది. మా అత్తవారు నౌపడలో మూడు తరాలపాటు ఉప్పు మళ్ళు చేసినవారు. వారి వంశంలో సింహాన్ని చూసినవారు ఉన్నా, అది జంతు ప్రదర్శనశాలలోనే అయివుంటుంది.

ఈ ట్యాబ్ వ్యవహారం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దుకాణానికి వచ్చేవారిలో ఎక్కువమంది దీన్ని నమ్మి డబ్బు పెడుతున్నారు. డాలు మీద చిహ్నాలు వేసుకునే పద్ధతి యూరపులో 12వ శతాబ్దంలో స్థిరపడింది. ఇంగ్లండులో ఆ వ్యవహారాలు చూసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ 1484లో మూడవ రిచర్డ్ ఏలుబడిలో ఏర్పడి నేటికీ పనిచేస్తున్నది. అక్కడ చిహ్నం ఒక వ్యక్తికి మంజూరవుతుంది, అతని సంతతికి సంక్రమిస్తుంది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన మరొకరికి దాని మీద హక్కు రాదు. పుట్టిన దేశంలోనే ఇంటిపేరుకు చిహ్నం లేనప్పుడు, మన ఊరి పేర్ల నుంచీ వృత్తుల నుంచీ వచ్చిన ఇంటిపేర్లకు కిరీటమూ సింహాలూ ఎక్కడి నుంచి వస్తాయి? మన సంస్థానాల దగ్గర కనిపించే డాళ్ళ కథ కూడా పెద్ద పాతదేమీ కాదు. విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించడానికి 1877 జనవరి 1న ఢిల్లీలో జరిపిన దర్బారులో లిట్టన్ ప్రభువు సంస్థానాధీశులకు పట్టు పతాకాలు బహూకరించాడు; వాటి మీది చిహ్నాలను రాబర్ట్ టేలర్ అనే ఆంగ్లేయ ఉద్యోగి గీశాడు. అంటే రాజులకు సైతం అవి ఆర్డరు మీద తయారైనవే.

లాంఛనం మనకు లేదని కాదు. తూర్పు చాళుక్యుల రాగి శాసనాల రేకులను కలిపే కడియానికి ఉండే ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, మధ్యలో 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న అక్షరాలు ఉంటాయి. శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం రాజధానిగా ఏలిన కళింగ గంగుల ముద్రల మీద నంది ఉంటుంది. వరహా అన్న నాణేనికి ఆ పేరు దాని మీది వరాహం వల్లనే వచ్చింది. ఇక మామూలు ఇళ్ళలో ఆ పని పుస్తెల తీరు చేసింది, ఎద్దు తొడ మీది వాత చేసింది, ఇత్తడి సామాను మీద ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేర్లు చేశాయి. మా ఇంట్లో ఉన్న, ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితి ఊరి చెంబు అంచున మా నాయనమ్మ పేరు పదకొండు చుక్కల మొదటి అక్షరంతో సహా ఈనాటికీ చదవవచ్చు. ఇదంతా ఆ కుర్రవాడికి చెబితే నొచ్చుకోకుండా విని, ట్యాబ్ మూసేసి, "జనం ఎక్కువగా అదే అడుగుతున్నారు సార్" అన్నాడు. నిజమే అయివుంటుంది.

సిద్ధంగా ఉన్న సరుకులో మాత్రం మంచివి ఉన్నాయి. కోట పతకం అన్నిటికంటే బాగా కుదిరింది. సంవత్సరం విజయ, తిథి విజయదశమి, వారం జయవారమైన మంగళవారం, రాజు పేరు విజయరామరాజు, ఊరు విజయనగరం అంటూ 1713 నాటి కోట శంకుస్థాపన గురించి మనం చెప్పుకునే ఐదు విజయాల ముచ్చటను, బురుజు ఆకారంలో ఉన్న బంగారు రేకు మీద వరుసగా ఐదు చిన్న కెంపులుగా పొదిగారు. వివరం తెలియనివారికి అది అందమైన పతకం, తెలిసినవారికి లెక్కపెట్టుకునే ముచ్చట. బొబ్బిలి పేరుతో చేసిన పులి లాకెట్టులో పనితనానికి వంక లేదు, చారల్లో నింపిన నల్లటి మీనా ఎక్కడా గీత దాటలేదు. అయితే దానితో ఇచ్చే కార్డులో, బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడి పరాక్రమం వల్లనే ఆ ఊరికి పులి పేరు వచ్చిందని అచ్చువేశారు. అది తలకిందుల చరిత్ర. బొబ్బిలి సంస్థానానికి మూలపురుషుడైన పెద్దారాయుడు కోట కట్టుకుని, తమకు ఆ సీమను ఇప్పించిన శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని 'షేర్' గౌరవార్థం పెద్దపులి, బెబ్బులి అని ఊరికి పేరు పెట్టాడనీ, అదే బొబ్బిలి అయిందనీ ఆ సంస్థానంవారి పరంపరే చెబుతుంది; అది 17వ శతాబ్దపు మాట. పాపారాయుడి కథ 1757 జనవరి 24 నాటి యుద్ధంతో మొదలవుతుంది. కార్డు మార్చమని చెప్పి వచ్చాను, ఐదోసారి వెళ్ళినప్పుడు కూడా పాత కార్డే ఉంది.

అదే అరలో పులికి జానెడు దూరంలో, పైడితల్లి పండుగలో ఊరేగించే సిరిమాను పేరుతో చేసిన నగల వరుస ఉంది. ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంతో కలిసి బొబ్బిలి మీదికి వెళ్ళిన విజయనగరం రాజు విజయరామరాజు, కోట పడిన తరవాత తన గుడారంలోనే పాపారాయుడి చేతిలో హతమయ్యాడు; ఆ వార్తతో చెల్లెలు పైడితల్లి పెద్దచెరువులో లీనమైందనీ, విగ్రహం ఆ చెరువులోనే దొరికిందనీ మన కథ. అన్నను చంపిన పక్షం పులినీ, అన్న కోసం చెరువులో దిగిన చెల్లెలి సిరిమానునూ ఒకే గాజు పెట్టెలో పక్కపక్కన సర్దినవారికి ఆ సంగతి తట్టినట్టు లేదు, కొనేవారికీ పట్టింపు ఉన్నట్టు లేదు. సిరిమాను పతకంలో చింతమాను వంపును మాత్రం ఎంతో ఓర్పుగా పట్టుకున్నారు: మొదట్లో లావుగా మొదలై, ఊళ్ళో మూడు లాంతర్ల కూడలి నుంచి కోట వైపు సాగే మాను పైకి లేచే తీరులోనే సన్నబడుతూ పోయి, కొసన పూజారి కూర్చునే ఆవగింజంత పీట దగ్గర ఆగుతుంది. ఊరేగింపులో ముందు నడిచే తెల్ల ఏనుగును వెండిలో చేసినది నాకు అన్నిటికంటే నచ్చి పెళ్ళికూతురి కోసం కొన్నాను. బెస్తవారి వల పేరుతో చేసిన తీగ జూకాలు చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి గానీ, మా అమ్మాయి పెట్టుకుని చూస్తే రెండు నిమిషాల్లో జుట్టు చిక్కుకుంది. వల తన పని తాను చేసిందనుకోవాలి. వీణ పిన్నీసు గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు.

ఇక మా ఉంగరం. చీపురుపల్లి వైపు ఉన్న మా పల్లెలో జమీందారీ కాలంలో కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టి రాశి పోశాక, పంపకం జరిగేదాకా ఎవరూ చేయి పెట్టలేదని తెలిసేలా రాశి చుట్టూ తడి మట్టి ముద్దలు అతికి, వాటి మీద చెక్కతో ముద్ర వేసేవారట. ఒక రాత్రి అకాల వర్షం వస్తే మా ముత్తాత తన ఇంటి కప్పు మీది తాటాకులు పీకి రాశి మీద పరిచాడనీ, తెల్లారేసరికి ఇల్లంతా తడిసి ముద్దయినా రాశి మీది ముద్ర ఒక్కటి కూడా చెదరలేదనీ, అప్పటి నుంచి ఊరందరి రాశులకూ వేసే ముద్రచెక్కను మా ఇంట్లోనే ఉంచారనీ మా నాన్న చెప్పేవాడు. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి, చెక్క అటకెక్కింది. అరచేతి వెడల్పున్న తుమ్మచెక్క అది. దాని మీద ఒక కొడవలి, కొడవలి వంపులో 'శ్రీ' అన్న అక్షరం, పిడి దగ్గర నుంచి కిందికి ఒక సన్నటి పగులు ఉన్నాయి. దాన్ని తువ్వాలులో చుట్టుకుని దుకాణానికి తీసుకెళ్ళాను.

మొదటి ఉంగరం పద్దెనిమిది రోజుల్లో తయారైంది. చెక్కకు ఫోటో తీసి, కంప్యూటర్లో బొమ్మ గీసి, మైనపు అచ్చు తీసి బంగారం పోత పోశారు. తొమ్మిది గ్రాముల చక్కటి ఉంగరం. కొడవలీ శ్రీకారమూ నున్నగా మెరుస్తున్నాయి. ఆ సాయంత్రం వదిన పసుపు కలుపుతుంటే ఉబలాటం కొద్దీ ఉంగరాన్ని పసుపు ముద్ద మీద ఒత్తి చూశాను. శ్రీకారం తిరగబడింది, క్రావడి అటు నుంచి ఇటు మొదలైంది, కొడవలి ఎడమచేతివాటం వాడిదైంది. జరిగింది ఏమిటంటే, ముద్రచెక్క మీద అక్షరం సహజంగానే తిరగేసి ఉంటుంది. ఫోటోలో అది చూసిన డిజైనరు ఫోటోయే తిరగబడిందనుకుని 'సరిచేసి' పెట్టాడు. దాంతో చదవడానికి సరిగ్గా ఉండి, ముద్రకు పనికిరాని ఉంగరం తయారైంది.

తగువు ఇక్కడే. ఈ రోజుల్లో ఉంగరంతో ముద్రలు ఎవరు వేస్తారు, వేలి మీద చూసేవారికి సరిగ్గా కనబడడమే మంచిది కదా అని కౌంటరులో ఉన్నాయన వాదించాడు. ఆర్డరు కాగితం మీద 'ముద్ర ఉంగరం' అని రాసి ఉన్నా, కొనేవారి చిత్తరువు ప్రకారమే చేశాం గనుక వెనక్కి తీసుకోవడం కుదరదన్నాడు. మాట పెరిగేసరికి వెనుక గదిలోంచి అరవై దాటిన నగిషీ పనివారు ఒకరు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ వచ్చి, ఉంగరాన్ని దీపం కింద తిప్పి చూశారు.

"ముద్ర సదూకోడానికి కాదు బాబూ, గుద్దడానికి. తిరగేసి సెక్కాల" అన్నారు.

ఆ ఒక్క మాటతో కౌంటరు చల్లబడింది. ఆ ఉంగరాన్ని కరిగించి, బల్లపరుపు ముఖం ఉన్న సాదా ఉంగరం కొత్తగా చేసి, దాని మీద చేత్తో చెక్కించి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పోత పోసిన గీతకూ చెక్కిన గీతకూ ఉన్న తేడాను భూతద్దంలో నాకు చూపించింది కూడా ఆయనే. పోతలో గీత అంచులు అరిగిపోయిన సబ్బులా గుండ్రంగా ఉంటాయి, లోతు పైపైనే ఉంటుంది, పదేళ్ళ వాడకంలో చెరిగిపోతుంది. ఉలి పడిన గీత నాగటి చాలులా అడుగున కోసుగా దిగుతుంది, వెలుగు ఒక గోడ మీదే పడి రెండో గోడ నల్లగా ఉంటుంది గనుక చిన్న అక్షరం కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

నాలుగోసారి వెళ్ళినప్పుడు అడిగి మరీ గంటన్నరసేపు ఆయన పక్కన కూర్చున్నాను. ఉంగరాన్ని కర్ర పిడి మీది లక్కలో పాతి, ముఖానికి సుద్ద రాసి, సూదితో బొమ్మను తిరగేసి గీసుకున్నారు. చెక్కేటప్పుడు ఉలి పట్టిన చేయి దాదాపు కదలదు. ఎడమచేతిలోని ఉంగరమే ఉలి మొన కిందికి తిరుగుతూ వస్తుంది. క్రావడి తోక తిప్పడానికి ఆయనకు పట్టిన సమయం కొడవలి మొత్తానికి పట్టలేదు. నాలుగు గీతలకొకసారి నల్లటి మైనం మీద ఒత్తి, దాన్ని నాకు చూపించి, మళ్ళీ మొదలుపెట్టేవారు. పిడి దాకా వచ్చాక ఆగి, పక్కనే పెట్టుకున్న మా చెక్కను వేలితో తడిమి, "ఈ పగులు ఉంచీమంటారా, తీసీమంటారా బాబూ?" అని అడిగారు. అన్నయ్యకు ఫోన్ చేశాను. తీసేయమన్నాడు. వదిన ఫోన్ లాక్కుని ఉంచమని చెప్పింది. ఉంచారు.

లెక్కల విషయంలో ఒక వింత ఉంది. పోత పోసిన లాంఛన నగలకు ఈ దుకాణం 16 శాతం తరుగు వేస్తున్నది. పోతలో మిగిలిన బంగారమంతా తిరిగి మూసలోకే పోతుంది గనుక అంత తరుగు వేయడం నాకు న్యాయంగా తోచలేదు. సాదా ఉంగరానికి తరుగు 8 శాతమే, చెక్కుడు కూలి విడిగా 4,500 రూపాయలు. బంగారం ఆనాటి ధర మీద కట్టి చూస్తే, చేత్తో చెక్కించిన రెండో ఉంగరమే మొదటిదానికంటే చౌకగా వచ్చింది. ఈ సంగతి కౌంటరులో అడగందే ఎవరూ చెప్పరు. బిల్లులో నికర బరువు, 3 శాతం జీఎస్టీ, ఒక్కో నగకు 45 రూపాయల హాల్‌మార్క్ రుసుము విడివిడిగా చూపించారు. చెక్కడం పూర్తయ్యాకనే హాల్‌మార్కుకు పంపమని అడిగాను, ఒప్పుకున్నారు. ఉంగరం లోపలివైపు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, స్వచ్ఛతను చెప్పే 22కె916, ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు గనుక ఇది వారి గొప్పతనమేమీ కాదు. అయినా బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి, వివరాలు సరిపోయాకనే డబ్బు కట్టాను. మీరూ అలాగే చేయండి. వెండి ఏనుగు విషయంలో మాత్రం చిన్న అసంతృప్తి మిగిలింది: కొక్కెం దగ్గర టంకం గరుకుగా ఉండి మెడకు గుచ్చుకుంటుంటే, వెళ్ళి ఆకురాయి పట్టించుకోవలసి వచ్చింది.

వెళ్ళదలచినవారు ట్యాబ్ దగ్గర ఆగకుండా నేరుగా నగిషీ ఆయనను చూడాలని అడగండి. ఇంటి కథను మాటల్లో చెబితే చాలదు. పాత చెంబో, ముద్రచెక్కో, నాయనమ్మ పుస్తెలో, ఏదో ఒక వస్తువు వెంట తీసుకెళ్ళండి, ఆయన దాన్ని చేత్తో పట్టుకోకుండా గీత గీయరు. నెలకు మూడు నాలుగు పనులకు మించి ఒప్పుకోరు, సిరిమాను పండుగ ముందు రెండు వారాలు అసలు తీసుకోరు. ఆర్డరు కాగితం మీద 'ముద్రలో సరిగ్గా పడాలి' అన్న మూడు మాటలు రాయించుకుని సంతకం పెట్టించుకోండి.

సత్యనారాయణ వ్రతం నాడు అన్నయ్య ముద్రచెక్కనూ కొడుకు ఉంగరాన్నీ ఒకే పసుపు ముద్ద మీద పక్కపక్కన ఒత్తాడు. ఒకటి అరచేయంత, ఇంకొకటి చింతగింజంత. రెండింటిలోనూ కొడవలి కుడివైపుకే తిరిగింది. కొత్త కోడలు వంగి చూసి, చిన్న ముద్రలో పిడి కింద వెంట్రుక ఏదో అంటుకుందనుకుని గోటితో తీయబోయింది.